పెరిగే పిల్లల అంగీలు

జూన్ పదకొండు, పొద్దుగాల ఎనిమిది గంటలు. మిర్యాలగూడ బస్సు దిగి ఇంటికొచ్చిన బిడ్డకు కొత్త బడి గౌను తొడిగి, రెండడుగులు ఎనుకకు జరిగి మురిపెంగ సూసుకుందామనుకున్నది సంతోషి. గౌను కనబడ్డది. గౌను మీద రెండు జడలు కనబడ్డయ్. నడుమ ఉండాల్సిన రాణి ఏమైందో దేవునికే ఎరుక.

కింది అంచు నేల ఊడుస్తున్నది. చేతులు వేళ్లు దాటి జానెడు ఏలాడుతున్నయ్. కాలరు ఒక భుజం మీదికెళ్లి జారిపోయి రెండో భుజాన్ని గూడ రమ్మంటున్నది.

"ఏమే, నెలన్నర అమ్మమ్మ ఇంట్ల ఉండొచ్చినవ్. తినలేదానే? గింత సిక్కిపోయినవేంది?" అన్నది సంతోషి.

"నేను సిక్కలే. గౌనే బలిసింది," అన్నది రాణి. రేపు ఒకటో తరగతిల పడబోయే పిల్ల, మాటల్ల మాత్రం ఎప్పుడో డిగ్రీ పాసయింది. అట్ల అని గిర్రున ఒక చుట్టు తిరిగింది. అది ఆగినంక గూడ గౌను ఇంకో సగం చుట్టు తిరిగింది. దానికి మస్తు మజా అనిపించి మళ్ల తిరిగింది.

తప్పు తన కుట్టుల ఉంటదని ఏ దర్జీకి ముందుగాల తోచదు. సంతోషికీ తోచలే. ఫోన్ తీసి మిర్యాలగూడల తల్లికి కొట్టింది. "అమ్మా, పిల్లకు బువ్వ పెట్టినవా లేదా?" అన్నది. అవతల దిక్కు తల్లి అందుకున్నది, ఇగ ఆగలే. "పూటకు రెండు మామిడిపండ్లు మింగిందే నీ బిడ్డ. రైసుమిల్లుల నడుమ బతికేదాన్ని, బువ్వకు కరువు జేస్తనా? నా ఇంటికి పంపుడు నువ్వే, నన్ను అనుడు నువ్వే. వచ్చే ఎండకాలం పంపకు, నీ ముద్దుల బిడ్డను నువ్వే సాదుకో" అని ఫోన్ పెట్టేసింది.

సంతోషి పెనిమిటి జోసెఫ్ ఆటో నడుపుతడు. పిల్లను తోలుకొచ్చింది ఆయనే. "అత్తమ్మది తప్పు లేదు. బస్సుల నా ఒళ్లె కూసుంటే తొడలు తిమ్మిరెక్కినయ్. పిల్ల బరువుకేం తక్కువ లేదు" అన్నడు. అని గౌను దిక్కు సూసి, నవ్వు ఆపుకునేతందుకు గోడ దిక్కు తిరిగిండు. గోడ దిక్కు తిరిగినా భుజాలు ఎగురుతనే ఉన్నయ్. "దీంట్ల రాణితోని పాటు అత్తమ్మ గూడ పడ్తది గదనే."

గప్పుడు సంతోషికి మిగిలిన పిల్లల బట్టల మీద గూడ అనుమానమొచ్చింది. బయట పండ్లు తోముకుంటున్న పక్కింటి నాంచారమ్మ మనుమడిని నోట్ల నురగతోనే గుంజుకొచ్చి, తను కుట్టిన బడి బట్టలల్ల మూడో తరగతి మూట ఇప్పి, వాని పేరు రాసి ఉన్న అంగి వానికే తొడిగింది. అంగి మోకాళ్లు దాటింది. లాగు తొడగవలసిన పనే పడలే.

సంతోషి బట్టల మూట మీద కూలబడ్డది.

ఎందుకు కూలబడ్డదో సమజ్ కావాలంటే ఒక్కసారి ఏప్రిల్ దాక పోయి రావాలె.

చివ్వెంల దాటినంక వచ్చే ఈ ఊర్ల ఒక ప్రైమరీ బడి ఉన్నది. ముప్పయ్యారు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. పెద్ద మేడమ్ జ్యోత్స్న రోజూ కోదాడ నుంచి బస్సుల వచ్చి పోతది. ఆమె చెప్పే సదువుకు వంక పెట్టేటోడు ఊర్ల లేడు. కౌసల్య పెద్దబిడ్డ వందన ఈ బడిలనే అయిదు దాక సదివి గురుకులంల సీటు కొట్టింది. అయినా ఏం ఫాయిదా. పొద్దుగాల సూర్యాపేట కాన్వెంటు బస్సు వచ్చి మూల మీద హారన్ కొడితే, మెడల టై, కాళ్లకు నల్ల బూట్లు ఏసుకొని ఎక్కే పిల్లలను సూసి ఈ బడి పిల్లలు గుటకలు మింగుతరు. పోయినేడు ఈ బడి బట్టలు ఇంకెవలో కుట్టిన్రు, అవి దీపావళికి వచ్చినయ్. కౌసల్య కొడుకు పవన్ అప్పుడు ఒకటో తరగతి. మాసిన ఇంటి అంగి ఏసుకొని ఆ బస్సు ముందట నుంచి నడిచిపోయేటప్పుడు రోజూ ఏడ్చిండు. తల్లి కడుపు కాలదా మరి.

బడి ఆఖరి దినం తల్లిదండ్రుల మీటింగ్ పెట్టిన్రు. జ్యోత్స్న మేడమ్ లేచి, "సెలవులని పిల్లల్ని మరీ గాలికి వదిలేయకండి. జూన్ మొదలవగానే తొమ్మిదింటికల్లా పడుకోబెట్టండి. సొంతంగా అన్నం తినడం, సొంతంగా గుండీలు పెట్టుకోవడం నేర్పండి" అని చెప్తున్నది. ఎవ్వరూ ఇంటలేరు. గప్పుడు కౌసల్య లేచి నిలబడ్డది. పది ఎకరాల ఆసామి భార్య, హుజూర్‌నగర్ల ఎరువుల దుకాణం, నిలబడితే నలుగురు సూసే మనిషి.

"సదువు గురించి మాకు ఫికర్ లేదు మేడమ్. మా పోరడు ఏడుస్తుంటే సూడలేకపోతున్న. ఇగ వచ్చే ఏడు కాన్వెంటుల ఏస్త" అన్నది.

కౌసల్య ఎటు పోతే ఆమె వాడకట్టంతా అటు పోతది. ఆ వాడకట్టుల పదకొండు మంది పిల్లలున్నరు. పదకొండు మంది పోతే రెండో టీచర్‌ను ఇంకో ఊరికి పంపుతరు. అయిదు తరగతులకు ఒక్క మేడమ్ మిగులుతది. సంతోషి బిడ్డ ఒకటో తరగతిల పడేది అదే ఏడు. కాన్వెంటు బస్సు ఎక్కించే తాహతు సంతోషికి లేదు, ఉన్నా రాణిని జ్యోత్స్న మేడమ్ కాడనే సదివించాలని ఆమె పట్టు. అందుకే ఆలోచన లేకుంట లేచింది.

"అక్కా, ఈసారి బట్టలు కుట్టే పని మా మహిళా సంఘానికే వచ్చింది. కుట్టేది నేను. జూన్ పన్నెండు, ఫస్టు గంట కొట్టేసరికి ఒక్కొక్క పిల్ల ఒంటి మీద కొత్త బట్టలు లేకపోతే నా పేరు సంతోషి కాదు."

"నీ పేరు నేనేం జేసుకుంట" అన్నది కౌసల్య. "ఫస్టు గంటకు మా పవన్ ఒంటి మీద కొత్త అంగి ఉన్నదనుకో, వాడు ఈడనే సదువుతడు. లేదనుకో, అదే పొద్దు బస్సెక్కుతడు."

"మాటంటే మాటేనా అక్కా?"

"మాటంటే మాటే."

ఆ మాట మీద సంతోషి ఎండకాలమంతా నిలబడి పని చేసింది. పిల్లలు ఊర్లకు పోకముందే అందరి కొలతలు తీసి మేడమ్‌కు ఇచ్చింది, సూర్యాపేటల కత్తిరించిన బట్ట వచ్చినంక కుట్టుడు మొదలైంది. సంఘం రూంల నాలుగు మిషన్లు. ఒకామె చేతులు, ఒకామె కాలర్లు, ఒకామె లాగులు, నాంచారమ్మ గుండీలు. పొడుగు కుట్లన్నీ సంతోషివి. ఏ అంగీ ఒక్కరి చేతిల మొదలై అదే చేతిల ఖతం కాలే. అంతా కుట్టినంక మడత పెట్టి, పేరు చీటీ పెట్టి, మూట కట్టుడే. ఏసి సూసేతందుకు ఊర్ల పిల్లలు లేరు. అందరూ అమ్మమ్మ ఇండ్లల్ల ఉన్నరు. పదో తారీఖు నాటికే మొత్తం అయిపోయిందని సంతోషి జోసెఫ్‌కు చికెన్ వండిపెట్టింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే.

ఇగ పదకొండో తారీఖు సంగతికి వద్దాం.

జోసెఫ్ ఆటోల మూటలన్నీ ఏసుకొని సంతోషి బడికి పోయింది. రాణి గౌను రెండు చేతుల్ల ఎత్తిపట్టుకొని పెండ్లిపిల్ల లెక్క ముందల కూసున్నది. బడి తెరిచేది రేపయినా, గదులు కడిగిపిచ్చేతందుకు జ్యోత్స్న మేడమ్ ఇయ్యాల్నే వచ్చింది. సంగతి నోటినోట పాకి పది గంటల కల్లా తల్లులు, పిల్లలు, నాయనమ్మలు, పనికి పోని తండ్రులు అందరూ వరండాల జమయిన్రు. ఎవరి జత వాళ్లు తీసుకున్నరు, ఎవరి పిల్లకు వాళ్లు తొడిగిన్రు.

ఆ తర్వాత జరిగింది సూడాలె. వరండా నిండ అంగీలే తిరుగుతున్నయ్, పిల్లలు లేరు. చేతులు లేని అంగీలు ఒకదాన్ని ఒకటి గుద్దుకుంటున్నయ్. నాలుగో తరగతి లాగుల ఇద్దరు దూరి ఒక కాళ్ల ఒకడు, ఇంకో కాళ్ల ఇంకొకడు నిలబడి పరుగు పందెం పెట్టిన్రు. అయిదో తరగతి పిల్ల తన గౌనుల సెల్లెను దాచిపెట్టి, సెల్లె ఏదని తల్లి ఎతుకుతుంటే కిసుక్కుమని నవ్వింది. ఒకడు చేతులు లోపలికి గుంజుకొని, ఏలాడే చేతులతోని కోడిపుంజు లెక్క టపటప కొట్టుకుంట వరండా ఈ కొసకెళ్లి ఆ కొసకు ఉరికిండు. ఇగ ఒక్కడు చేసినంక మిగిలినోళ్లు ఊకుంటరా. ముప్పయి పుంజులు లేచినయ్.

తల్లులు ముందుగాల నోరెళ్లబెట్టిన్రు. తర్వాత ఎవలో ఒకామె ఫక్కుమన్నది. ఇగ అందరూ కడుపు పట్టుకొని గోడలకు ఒరిగిన్రు. సంతోషికి మాత్రం ఏడుపొస్తున్నది. ఆమె కండ్లు గుంపుల కౌసల్యను ఎతుకుతున్నయ్.

"ఇదెట్లయింది మేడమ్? నేను కొలిసింది మంచిగనే కొలిసిన," అని తను కొలతలు రాసుకున్న నోట్‌బుక్ తీసింది.

జ్యోత్స్న మేడమ్ దాన్ని సూసింది, తన బీరువాలకెళ్లి కొలతల ఫెయిర్ కాపీ తీసి పక్కన పెట్టి సూసింది. ఆమె మొహం ఎర్రబడ్డది. "సంతోషి గారూ, తప్పు నాదేనండి. ఏప్రిల్లో తీసిన కొలతలు కదా, జూన్‌కి పిల్లలు ఎదుగుతారు కదా అని ఫెయిర్ కాపీ రాసేటప్పుడు అందరికీ రెండేసి ఇంచీలు కలిపాను."

సంతోషి తన నోట్‌బుక్ల అంకె మీద వేలు పెట్టింది. "నేను కొలిసేటప్పుడే రెండు కలిపిన మేడమ్. పెరిగే పిల్లలు గదా అని."

"మీరూ కలిపారా?"

"కలపకుంట ఎట్లుంట?"

బట్ట కత్తిరించింది సూర్యాపేటల కటింగ్ మాస్టర్ హరిలాల్. ఫోన్ కొట్టి స్పీకర్ల పెట్టిన్రు. "నేను రెండే పెట్టిన తల్లీ" అన్నడు ఆయన ధీమాగ. "ముప్పయ్యేండ్ల సంది బడి బట్టలు కోస్తున్న. లిస్టుల ఎంత ఉంటే దాని మీద రెండు. ఒక్క ఉతుకుకు బట్ట దగ్గరికొస్తది, పిల్లలేమో పొడుగైతరు. రెండు పెట్టకపోతే తల్లులు నన్ను బతకనిస్తరా?"

అంటే ఆరు, టేపు పెడితేనేమో ఏడు ఎక్కువున్నయ్. ఏడో ఇంచీ ఏడికెళ్లి వచ్చిందో సంతోషికి ఒక్కదానికే తెలుసు. ఆమె తలెత్తి తల్లుల దిక్కు సూసింది. తల్లులు ఒక్కొక్కరు తల దించుకుంటున్నరు. ఎందుకంటే మే నెలంతా ఒకరికి తెల్వకుంట ఒకరు సంఘం రూంకు వచ్చి, సంతోషి చెవుల, "మా వానికి జర లూజు పెట్టు, వచ్చే ఏడు గూడ రావాలె, ఎవరికి చెప్పకు" అని పోయినోళ్లే. అందరికీ సరే అన్నది సంతోషి. అందరికీ కుట్టు అంచుకు జరిపి ఒక ఇంచీ ఎక్కువ ఇడిసింది.

"తిలా పాపం తలా పిడికెడు" అన్నది నాంచారమ్మ, నోట్ల పొగాకు ఇంకో దవడకు తోసి. "అందరం కలిసి ఇంటర్ పిల్లలకు కుట్టినం, ఇంటర్ కాలేజీ ఒక్కటే తక్కువ."

అప్పుడే కౌసల్య వచ్చింది. గుంపు తప్పుకొని దారిచ్చింది. పవన్ అప్పటికే తన జత తీసుకొని అంగి ఏసుకున్నడు. అది వాని పిక్కల దాక ఉన్నది. వాడు ఆ అంగితోని పుంజుల నడుమ ఉరుకుతున్నడు. కౌసల్య కొడుకును రెక్క పట్టి ఆపింది, పైకెళ్లి కిందికి ఒకసారి సూసింది. నవ్వలే.

"ఒంటి మీద అంగి ఉండాలన్న సంతోషి" అన్నది. "ఒంటిని మింగాలని అన్ననా?"

"అక్కా, పొద్దుగూకే వరకు సరి చేస్త. రేపు ఫస్టు గంట వరకు టైమున్నది గదా."

"ముప్పయ్యారు జతలు పొద్దుగూకే వరకు ఎట్ల జేస్తవ్? నేను పిచ్చిదాన్ననుకున్నవా? బస్సాయనకు ఫోన్ చేసి చెప్పుకుంట."

పవన్‌ను రెక్క పట్టి తీస్కపోయింది. వాడు అంగి ఇప్పనన్నడు. మట్టి రోడ్డు మీద పొడుగు అంగి పిక్కలకు తాకుతుంటే, ఎనుకకు తిరిగి దోస్తులకు దాని ఖాళీ చెయ్యి ఊపుకుంట పోయిండు. ఆ వాడకట్టు తల్లులు ఒకరి మొహం ఒకరు సూసుకున్నరు. "పొద్దుగాల కౌసల్యక్క ఎటంటే అటు" అన్నదొకామె మెల్లగ. చెప్పకపోయినా సంతోషికి తెలుసు.

అయినా ఏడ్చుకుంట కూసుంటే పని కాదు. సంతోషి ముక్కు తుడుసుకొని, రాణిని బల్ల ఎక్కించి, పెద్ద కత్తెర తీసి గౌను అంచుకు పెట్టింది.

వరండాల ఉన్న తల్లులందరూ ఒక్కసారి "కొయ్యకు" అన్నరు. నవ్వు బందయింది. కోడిపుంజులు గూడ ఆగినయ్.

"కొయ్యకుంట ఎట్ల సరి చేస్తనే తల్లీ?" అన్నది సంతోషి.

"కోస్తే మళ్ల వస్తదా బట్ట? వచ్చే ఏడుకు పనికి రావద్దా?" అన్నదొకామె. సూడున్రి, గింత ఆగం జరిగినంక గూడ, ఆ ఏడించీల మీది ఆశ పోలే. జ్యోత్స్న మేడమ్ తలకాయ పట్టుకొని నవ్వింది.

నాంచారమ్మ వచ్చి సంతోషి చేతిలకెళ్లి కత్తెర తీసుకున్నది. "మా కాలంల ఆడపిల్లల లంగాలకు ఏం జేసేటోళ్లం? పొడుగు కుట్టి, లోపలికి మడత పెట్టి టాకాలేసేటోళ్లం. పిల్ల పెరిగితే ఏడాదికొక మడత ఇప్పేటోళ్లం. మా అక్క లంగా అయిదేండ్లు నడిసింది. సూది పట్టరాని తల్లి ఈడ ఎవలున్నరు? పిల్లలను నిలబెట్టున్రి, కుట్టున్రి."

ఇగ మొదలైంది. మూడు గదుల్ల బల్లల మీద పిల్లలను వరుసగ నిలబెట్టిన్రు. ఒక్కొక్క పిల్ల చుట్టు తల్లి ఒక దిక్కు, నాయనమ్మ ఒక దిక్కు. సంతోషి సబ్బు ముక్కతోని గీత గీసుకుంట ముందల పోతే, ఎనుక సూదులు పోతున్నయ్. ఒంటి మీద ఉండంగ బట్ట కుడితే మంచిది కాదని నాంచారమ్మకు మధ్యల యాదికొచ్చింది. నోట్ల గడ్డిపోస పెట్టుకుంటే ఏం గాదని దానికి మందు గూడ ఆమెనే చెప్పింది. జోసెఫ్ గట్టుకు పోయి చారెడు గడ్డి కోసుకొచ్చిండు. ముప్పయి మంది పిల్లలు నోట్ల గడ్డి పెట్టుకొని బల్లల మీద నిలబడితే మేకల సంత లెక్క ఉన్నది బడి. ఒకడు మే అన్నడు. అందరూ మే అన్నరు. రాణి అయితే గడ్డి నమిలి మింగింది గూడ.

హరిలాల్ సూర్యాపేట నుంచి బండి మీద వచ్చిండు. దారాల డబ్బా, సూదుల పాకెట్లు తెచ్చిండు. వచ్చి చెప్పులిడిసి, ఒకటో తరగతి గదిల కాళ్లు మడిచి సకిలంముకిలం ఏసుకొని కూసొని కుట్టుడు మొదలువెట్టిండు. తల్లులు ఆయనను సూసి మళ్ల నవ్విన్రు.

ఏప్రిల్‌ల ఎవ్వరూ ఇనని మాటలు చెప్పే మోక జ్యోత్స్న మేడమ్‌కు ఇప్పుడు దొరికింది. నోట్ల సూది ఉన్న తల్లి ఎదురు మాట్లాడదు గదా. గది నడుమ నిలబడి, "రేపు గేటు దగ్గర పిల్లలు ఏడిస్తే మీరూ ఏడవకండి. టీచరు కొడుతుందని బెదిరించకండి, నేనెవర్నీ కొట్టను. ఒంటేలుకి వెళ్లాలంటే అడగమని చెప్పండి. బాక్సులో సగం తింటే సగం తిన్నందుకు మెచ్చుకోండి" అని అన్నీ చెప్పుకుంట పోయింది. తల్లులు ఊ, ఊ అన్నరు. పనిల పనిగ పిల్లలకు గుండీలు పెట్టుకునుడు నేర్పింది. ఒకటో తరగతి పిల్లలు పైగుండీ కింది కాజాల పెట్టి, మళ్ల ఇప్పి, మళ్ల పెట్టి, సరిగ పడ్డప్పుడు తల్లుల దిక్కు సూసిన్రు. బడి గడప ఎప్పుడూ ఎక్కని తండ్రులు ఆ గదుల్ల గోడల మీది ఎక్కాలు సదువుకుంట దారాలు ఎక్కిచ్చిచ్చిన్రు.

పొద్దుగూకే వరకు ముప్పయ్యైదు మంది బట్టలు సరిపోయినయ్. ఒక్క పవన్‌వి తప్ప.

పన్నెండో తారీఖు పొద్దుగాల. ఎనిమిదిన్నరకే బడి ముందట సందడి మొదలైంది. నూనె రాసిన తలలు, రిబ్బన్లు, మెడల నీళ్ల సీసాలు. గడ్డి తిన్న మేకలేనా ఇవి అన్నట్టు పిల్లలు ముస్తాబయి వస్తున్నరు. ఒక్కొక్కరి అంచు కింద మడత మీద మడత, లావుగ, కాని మోకాలి కాడికి సరిగ్గ వచ్చి ఆగింది. జ్యోత్స్న మేడమ్ వరండాల ఏలాడగట్టిన రైలు పట్టా ముక్క కాడ నిలబడ్డది, చేతిల ఇనుప కడ్డీ. పదహారేండ్ల సర్వీసుల ఒక్క నిమిషం ఆలస్యంగ గంట కొట్టలేదని ఆమెకు పేరు.

కౌసల్య వాడకట్టు తల్లులు గేటు బయటనే నిలబడ్డరు. పిల్లలను లోపలికి పోనిస్తలేరు. బట్టలు మంచిగనే ఉన్నయ్ అంటున్నరు, నవ్వుతున్నరు, కాని కాళ్లు కదపరు. సంతోషి రాణి చెయ్యి పట్టుకొని రోడ్డు దిక్కే సూస్తున్నది. ఎనిమిదీ యాభైకి మూల మీద కాన్వెంటు బస్సు హారన్ కొట్టింది. ఒక్కసారి కొట్టింది, ఆగి మళ్ల కొట్టింది, చివరికి పెద్దగ కొట్టింది. బస్సు తలుపు పడ్డ సప్పుడు ఇనబడ్డది. బస్సు పోయింది.

"పోయిండేమో" అన్నది గేటు కాడి ఒకామె.

తొమ్మిదికి రెండు నిమిషాలున్నది. మేడమ్ గడియారం సూసుకున్నది, కడ్డీ పైకెత్తింది.

గప్పుడు మూల తిరిగి కౌసల్య వచ్చింది. ఉరుకుతలేదు, ఉరికే మనిషి కాదు, కాని నడక మాత్రం ఉరుకు కంటే జోరుగున్నది. ఆమె పక్కన పవన్. కొత్త అంగి పిక్కల మీద, ముడుతలు పడి, ముందట ఒక పప్పు మరక. రెండు చేతులతోని అంగి ఎత్తిపట్టుకొని నవ్వుకుంట వస్తున్నడు.

కౌసల్య తిన్నగ సంతోషి ముందటికొచ్చి ఆగింది. మొహం గంటుగనే ఉన్నది. "నిన్నటి సంది ఇప్పలే" అన్నది. "దీంట్లనే తిన్నడు, దీంట్లనే పండుకున్నడు. బస్సు ముందట నిలబెట్టి ఎక్కురా అంటే, అంగి ఇప్పుమంటరు, నేను పోను అన్నడు. పోయినేడు అదే బస్సును సూసి ఏడ్చిన పోరడు, ఇయ్యాల డ్రైవర్‌కు ఖాళీ చెయ్యి ఊపి వచ్చిండు. ఒంటి మీద ఉంటే సాలన్న గదా. ఉన్నది. మాటంటే మాటే."

సంతోషి కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. "అయితే మడతేస్త అక్కా" అన్నది ఎట్లనో. మోకాళ్ల మీద కూసొని జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసింది. దారం సూదిల పడ్తలేదు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు తప్పింది.

కౌసల్య చీర కొంగు నడుముకు చెక్కి, తనూ మట్టిల గొంతుకు కూసున్నది. సంతోషి చేతిలకెళ్లి సూది తీసుకొని, దారం కొస నోట్ల తడిపి, ఒక్కపాలి ఎక్కిచ్చి ఇచ్చింది.

"ఎన్ని మడతలెయ్యాలె అక్కా?" అన్నది సంతోషి. "ఈ ఒక్క ఏడుకేనా? అట్లయితే లోపల కోసి పారేస్త, అల్కగుంటది."

కౌసల్య కొడుకు దిక్కు సూసింది. వరండాల కడ్డీ ఎత్తిపట్టుకొని నిలబడ్డ జ్యోత్స్న మేడమ్ దిక్కు సూసింది. తొమ్మిది దాటి ఒక నిమిషమైంది, మేడమ్ చెయ్యి పైననే ఉన్నది.

"కొయ్యకు" అన్నది కౌసల్య. "మూడు మడతలెయ్యి. మూడో తరగతికొకటి, నాలుగుకొకటి, అయిదుకొకటి."

గేటు కాడి తల్లులు పిల్లల చేతులిడిసిన్రు. పిల్లలు లోపలికి ఉరికిన్రు. పవన్‌కు సూది తగిలినప్పుడల్లా చక్కిలిగింత అయితున్నది, వాడు కిలకిల నవ్వుతుంటే మడత వంకర పోతున్నది. కదలకురా అని తల్లి ఒక దిక్కు, సంతోషి ఒక దిక్కు పట్టుకున్నరు. మూడో మడత ఖతమయినంక సంతోషి దారం పంటితోని కొరికి, కండ్లు తుడుసుకొని, తలెత్తి వరండా దిక్కు సూసింది.

మేడమ్ గంట కొట్టింది.